దిగుడులో మాట్లాడకూడదు

తాళంచెవి ఇవ్వనంటే ఇవ్వనన్నాడు నాన్న.

కట్టు కట్టిన కుడిచెయ్యి ఒళ్ళో, తాళంచెవి ఎడమచేతి గుప్పిట్లో, మనిషి వరండాలో పేము కుర్చీలో. నిన్న సాయంత్రం ఆస్పత్రి నుంచి తీసుకొచ్చినప్పటినుంచీ అదే గుప్పిడి. నిద్రలో కూడా విప్పలేదట.

"కారు షెడ్డులో పడుంది నాన్నా. మూతి పగిలి, ఒక కన్ను ఊడి, నీళ్ళన్నీ కారిపోయి ఉంది. ఇప్పుడా తాళం నీకెందుకు?" చొక్కా బొత్తాలు పెట్టుకుంటూ బయటికొచ్చి అడిగాడు అన్నయ్య.

"నాకెందుకో నాకు తెలుసు."

"ఇకమీదట నువ్వు స్టీరింగు ముట్టుకోవు. అంతే. తేలిపోయింది."

"ఎవరు తేల్చారురా? మీ ఫ్యాక్టరీలో మీటింగు పెట్టి చేతులెత్తించావా?"

గుమ్మానికి ఆనుకుని నిలబడ్డ మీటరమ్మకి నవ్వు తన్నుకొచ్చింది. అన్నయ్య మొహం చూసి మింగేసింది.

మీటరమ్మ అన్నది అన్నయ్య పెట్టిన పేరే. బళ్ళని పరీక్షించే ల్యాబులో ఆమె ఉద్యోగం. కారుని రోలర్ల మీదకెక్కించి పరిగెత్తిస్తారు, లీటరు పెట్రోలుకి ఎంత దూరం పోతుందో ఆమె కొలుస్తుంది. "మా చెల్లెలు కారెక్కి రోజంతా తిరుగుతుంది, కానీ ఎక్కడికీ వెళ్ళదు" అని ఫ్యాక్టరీలో జోకులేసేవాడు. అప్పట్లో ఆ జోకులకి ఆమే ముందు నవ్వేది. ఈమధ్య ఆ ఇంట్లో జోకులు తగ్గిపోయాయి.

"నేను నేర్పలేకపోయాను, నాదే తప్పు!" వంటింట్లోంచి వదిన గొంతు. "ఊళ్ళో సగం మందికి బ్రేకు తొక్కడం నేర్పింది నేను. ఇంట్లో ఉన్న ఒక్క మామగారికి నేర్పలేకపోయాను. ఆ గుద్దిన కారు మీద పెద్ద అక్షరాలతో నా డ్రైవింగ్ స్కూలు బోర్డు! ఇంక నా దగ్గరికి ఎవరొస్తారండీ?"

"పరుపుల కొట్టువాడొస్తాడు," అన్నాడు నాన్న నెమ్మదిగా. "వాడికి డ్రైవింగ్ రాదట. నిన్న వాడే చెప్పాడు."

వదిన వంటింట్లో ఏదో గిన్నె దబ్బున పెట్టింది. అది కోపమో, నవ్వు కప్పిపుచ్చుకోవడమో తెలీలేదు.

నిన్న జరిగింది ఇదీ. వదిన కారు వేసుకుని బజారుకి బయల్దేరాడు నాన్న. వీధి చివర పొడుగాటి వాలు ఉంది కదా, దాని తలమీదకి రాగానే గేరు న్యూట్రల్‌లోకి తోసి, తాళం తిప్పి, ఇంజిన్ ఆపేశాడు. పాత రొట్టెల వ్యాను నడిపినన్నాళ్ళూ రోజూ చేసిన పనే. కానీ ఇది ఆ వ్యాను కాదు. ఇంజిన్ ఆగితే ఈ కొత్త కార్ల బ్రేకుకి బలం చాలదు. ఒకసారి తొక్కితే అందింది, ఇంకోసారి తొక్కితే పెడల్ రాయి. స్టీరింగు బిగుసుకుపోయింది. బండి మాత్రం తన మానాన తాను జోరందుకుంది. వాలు అడుగున పరుపుల కొట్టు, దాని ముందు దొంతరగా పేర్చిన పరుపులు. వాటిలోకి దూసుకెళ్ళి, వాటి వెనక స్తంభానికి తగిలి ఆగింది.

నక్కతోక తొక్కి వచ్చాడు, పడ్డా పరుపు మీదే పడ్డాడు అన్నారు వీధిలో జనం. పిల్లలైతే పరుపులోంచి ఎగిరిన దూది ఏరుకున్నారు.

"సరే, తాళం సంగతి తర్వాత," అని అన్నయ్య ఇటు తిరిగాడు. మీటరమ్మకి తెలుసు, ఇటు తిరుగుతాడని. రాత్రి ల్యాబు దగ్గరున్న గదినుంచి పరిగెత్తుకొచ్చినప్పటినుంచీ ఎదురుచూస్తూనే ఉంది.

"నువ్వు ఇవాళ మాట్లాడుతున్నావా, లేదా?"

"పేరు ఇచ్చేశానుగా."

"పేరు వెనక్కి తీసుకోవచ్చు."

"నువ్వు తీసుకుంటావా నీ పేరు?"

అన్నయ్య చివరి బొత్తాం విసురుగా లాగి పెట్టుకున్నాడు.

ఇవాళ టౌన్‌హాల్లో సభ. కార్లు చేసే కంపెనీలన్నీ లీటరుకి ఇప్పటికంటే బాగా ఎక్కువ దూరం పోయే బళ్ళే చేయాలని సర్కారు కొత్త రూలు తెస్తానంటోంది. తెచ్చేముందు జనం మాట వింటానంది. రూలు కావాలని మాట్లాడేవాళ్ళలో మీటరమ్మ ఉంది. వద్దని మాట్లాడేవాళ్ళలో కార్ల ఫ్యాక్టరీ ఇంజిన్ సెక్షను ఫోర్‌మన్ ఉన్నాడు. అంటే అన్నయ్య.

"ఆ రూలొస్తే మా పెద్ద ఇంజిన్లు ఎవడు కొంటాడే? సెక్షనుకి తాళం పడుతుంది. నాతో పాటు పనిచేసేవాళ్ళు నా మొహం చూసి అడుగుతారు, మీ చెల్లెలే కదండీ మా నోట్లో మట్టి కొట్టింది అని. అప్పుడు నేనేం చెప్పను? మా చెల్లెలు బాగా చదువుకుందండీ అనా?"

"పెట్రోలు మన నేలలో పుట్టదు అన్నయ్యా. ప్రతి చుక్కా ఓడలో రావాలి. ఆ ఓడలు ఆగిన ఏడాది మనిల్లు ఎలా ఉందో మర్చిపోయావా? తక్కువ తాగే బళ్ళుంటే ఎవడి గుమ్మం ముందూ చెయ్యి చాపక్కర్లేదు."

"ఆహా! తక్కువ తాగే బళ్ళలో బ్యాటరీలెక్కడివి? అవీ ఓడలోనేగా వస్తున్నాయి? అవి చేసే దేశం రేపు అలిగితే? పెనం మీంచి పొయ్యిలో పడడాన్ని స్వతంత్రం అంటారా మీ ల్యాబులో?"

నిజానికి అది మంచి ప్రశ్నే. ఆ సంగతి మీటరమ్మ ఒప్పుకుంటే ఏం పోయింది? కానీ తోబుట్టువుల పోట్లాటలో మంచి ప్రశ్న అని ఒప్పుకున్నవాళ్ళు ఎక్కడున్నారు!

"అయితే చేతులు కట్టుక్కూర్చుందాం. ఓడలు మళ్ళీ ఆగేదాకా."

"చూడు. నీకు చెప్పాల్సింది చెప్తున్నా." అన్నయ్య గొంతు తగ్గింది. తగ్గితేనే భయం ఆమెకి. "ఇంట్లో నన్ను ఏమైనా అను. తిట్టు. కానీ అక్కడ, మా వాళ్ళందరి ముందు నువ్వు మైకు పట్టుకుంటే, ఆ తర్వాత నీకూ నాకూ మాటల్లేవు."

అనేసి చెప్పుల కోసం గుమ్మం పక్కకి వంగాడు.

"అన్నట్టు ఆ రొట్టెల వ్యాను కథ చెప్తావట కదా అక్కడ? మీ వదిన చెప్పింది. దిగుడు కథ. పెట్రోలు ఎలా పొదుపు చేశామో అని." అన్నయ్య చెప్పుల్లో కాళ్ళు దూర్చాడు. "చెప్పు మరి. ఆ పొదుపు చేయబోయే నిన్న మా నాన్న పరుపుల కొట్టులో దూరాడని అది కూడా చెప్పు."

విసురుగా వీధిలో ఉన్న తన కారు తుడవడానికి వెళ్ళిపోయాడు.

మీటరమ్మ వంటింట్లోకి వెళ్ళింది. వదిన టీ కప్పులు వరసగా పెడుతోంది.

"నువ్వెందుకు చెప్పావు వదినా?"

"నోరు జారింది. నాకేం తెలుసు, మీ అన్నయ్య దాన్ని పుండు మీద కారంలా వాడతాడని." టీ పోస్తూ ఆగింది. "నా బాధ ఎవరికి చెప్పుకోను చెప్పు? రోజంతా కారు తిప్పే పని నాది, నాకు మైలేజీ కావాలి. మా ఆయనకి ఉద్యోగం కావాలి. సభలో నేనెటు చెయ్యెత్తను?"

"రెండు చేతులున్నాయిగా."

"ఉంటాయి. నా కారులో బ్రేకులు రెండు, క్లచ్చులు రెండు. నేర్చుకునేవాడికొకటి, నాకొకటి. కానీ స్టీరింగు ఒకటే ఉంటుంది మీటరమ్మా. ఇద్దరూ బ్రేకే తొక్కుతూ కూర్చుంటే ఆ బండెటు పోతుంది?"

అని, రెండు కప్పులు ఆమె చేతిలో పెట్టింది. "ఒకటి మామయ్యకివ్వు. నా చేతిమీదుగా ఇస్తే తీసుకోడు. నిన్నటినుంచీ నామీద అలక. నా కారు గుద్ది నామీద అలక!"

నాన్న కప్పు ఎడమచేత్తో అందుకోవాలంటే గుప్పిడి విప్పాలి. కప్పు వంక చూశాడు, గుప్పిడి వంక చూశాడు.

"ఇక్కడ పెట్టు," అన్నాడు కుర్చీ పక్కన గట్టు చూపించి.

మీటరమ్మ మెట్టు మీద కూచుంది. వీధిలో అన్నయ్య అద్దం తుడిచిందే తుడుస్తున్నాడు.

"నాన్నా, ఒక సంగతి చెప్పనా? కొత్త బళ్ళలో ఇంజిన్ ఆపక్కర్లేదు. వాలు దిగేటప్పుడు గేరులో ఉంచి కాలు తీసేస్తే చాలు, ఇంజిన్లోకి పెట్రోలు వెళ్ళడం దానంతటదే ఆగిపోతుంది. మా ల్యాబులో రోజూ చూస్తాను. నువ్వు ఆపినా ఒకటే, ఆపకపోయినా ఒకటే."

"ఆహా." నాన్న కళ్ళు మెరిశాయి. "అయితే బండే దిగుడు చేస్తుందన్నమాట."

"అంతే."

"మరి చప్పుడు?"

"చప్పుడేంటి?"

"చప్పుడుంటుందా, ఆగిపోతుందా?"

"ఇంజిన్ తిరుగుతూనే ఉంటుంది కదా, చప్పుడుంటుంది."

"అదే మరి," అన్నాడు నాన్న, ఆమె ఏదో ఓడిపోయినట్టు. టీ వంక చూస్తూ ఊరుకున్నాడు.

ఆ ఊరుకోవడంలో ఆమెకి వ్యాను గుర్తొచ్చింది.

ఓడలు ఆగిన ఏడాది. సముద్రం అవతల ఎవరో ఎవరితోనో గొడవపడ్డారు, ఈ ఊళ్ళో పెట్రోలు బంకుల ముందు తాళ్ళు కట్టారు. కూపన్లిచ్చారు. డబ్బాలు పట్టుకుని వరసలో నిలబడ్డవాళ్ళు అక్కడే వంటల గురించీ పెళ్ళిళ్ళ గురించీ మాట్లాడుకునేవాళ్ళు, అక్కడే తగువులాడుకునేవాళ్ళు. నాన్న అప్పుడు బేకరీ వ్యాను డ్రైవరు. బేకరీ వాలు పైన, బజారు కింద. తెల్లారేసరికి కొట్లన్నిటికీ రొట్టెలు అందాలి. అమ్మ అదే బేకరీలో రొట్టెలు కట్టలు కట్టేది. పిల్లలిద్దర్నీ ఇంట్లో చూసుకునేవాళ్ళు లేక వాళ్ళనీ వ్యాను వెనక ట్రేల మధ్య కూర్చోబెట్టేవాళ్ళు. కొట్లలో కట్టలు అందించడానికి అమ్మ ముందు సీట్లో, నాన్న పక్కన. వెచ్చటి రొట్టెల వాసన, డబడబలాడే రేకు, అన్నయ్య మోకాలు ఆమె పక్కలో గుచ్చుకుంటూ.

వాలు తలమీదకి రాగానే నాన్న చెయ్యి పైకెత్తేవాడు. "దిగుడు!"

ఇంజిన్ ఆగేది. అంతవరకూ డబడబలాడిన లోకం ఒక్కసారిగా మెత్తబడిపోయేది. చక్రాల కింద రోడ్డు సర్రుమంటూ, కిటికీలోంచి చల్లగాలి, ఎక్కడో కుక్క మొరిగితే కూడా వినిపించేది. దిగుడులో మాట్లాడకూడదు. అది రూలు. మాట్లాడితే బండి ఆగిపోతుందన్నాడు నాన్న, పిల్లలిద్దరూ నమ్మేశారు. తుమ్మొస్తే ముక్కు నలుపుకుని చచ్చేవాళ్ళు తప్ప నోరు విప్పేవాళ్ళు కాదు. వాలు అడుగున నాన్న గేరు వేసి క్లచ్ వదిలితే, ఆ జోరుకే ఇంజిన్ మళ్ళీ అందుకునేది.

"ఎక్కడో ఎవడో కుళాయి కట్టేస్తే మన పొయ్యి ఆరిపోవడమేంటండీ, ఇదేం బతుకు," అని అమ్మ ఆ ఏడాదంతా అంటూనే ఉంది. సభలో ఆ మాటతోనే మొదలెట్టాలనుకుంది మీటరమ్మ. ఆ తర్వాత దిగుడు. ఇంజిన్ ఆపి మరీ చుక్కచుక్కా కూడబెట్టిన ఒక డ్రైవరు.

"నువ్వు కూడా పొదుపనే అనుకుంటున్నావా?" నాన్న అడిగాడు.

ఉలిక్కిపడింది. "ఏంటి?"

"నిన్న నేను ఇంజిన్ ఆపింది. పెట్రోలు మిగుల్తుందనే అనుకుంటున్నావా?"

"మరి?"

నాన్న గుప్పిడి మెల్లగా విప్పి తాళం వంక చూసి మళ్ళీ మూశాడు.

"మీ అమ్మ ఎంత మాటకారో నీకు తెలుసుగా. బేకరీలో మాట, బంకు దగ్గర మాట, ఇంటికొస్తే మీతో మాట. రోజంతా నోరు పనిచేస్తూనే ఉండేది. పనీ అంతే. ఆ వాలు దిగేటప్పుడు మాత్రం తల కిటికీకి ఆనించి కళ్ళు మూసుకునేది. చప్పుడు ఆగగానే నిద్రపోయేదే అమ్మలూ. కింద ఇంజిన్ అందుకోగానే లేచేది. ఆ కాస్త నిద్రే ఆవిడకి రోజు మొత్తం మీద."

"అయితే ఆ రూలు..."

"మీరు మాట్లాడితే ఆగిపోయేది బండి కాదు. ఆవిడ నిద్ర."

అన్నయ్య అద్దం తుడవడం ఆపేశాడు. వింటున్నాడు. వింటున్నట్టు కనబడకుండా వింటున్నాడు.

"కూపన్లు పోయి పెట్రోలు మళ్ళీ ధారాళంగా వచ్చాక కూడా ఇంజిన్ ఆపుతూనే ఉన్నాను కదా. ఎందుకనుకున్నావు? నిన్న వాలు మీదకొచ్చేసరికి గాలి అలాగే ఉంది. చెయ్యి దానంతటదే వెళ్ళిపోయింది. ఒక్క క్షణం..." నాన్న పక్కనున్న ఖాళీ చోటు వంక చూశాడు. "ఒక్క క్షణం బాగానే ఉంది. ఆ తర్వాత పరుపులు."

మీటరమ్మ టీ చల్లారిపోయింది. సభలో చెప్పాలని వారం రోజులుగా గదిలో అద్దం ముందు నిలబడి చెప్పుకున్నదంతా ఒక్కసారిగా వేరేవాళ్ళ కథలా అయిపోయింది.

అన్నయ్య గట్టిగా హారన్ కొట్టాడు. "వచ్చేవాళ్ళు రండి! టైమవుతోంది!"

మాటల్లేవన్న మనిషి కారు ఎక్కమంటున్నాడు. ఎక్కాలా, బస్సులో పోవాలా? వదిన వెనకనుంచి వీపు మీద ఒక్క తోపు తోసింది. "ఎక్కు. తగువులాడుకోవడానికి రెండు బళ్ళెందుకు, పెట్రోలు దండగ."

అన్నయ్య స్టీరింగు దగ్గర. పక్కన నాన్న, గుప్పిడితో సహా. వెనక వదిన, మీటరమ్మ.

వీధి మలుపు తిరిగేలోపే మొదలైంది.

"పెద్ద ఇంజిన్లే చేస్తామని పట్టుబడితే ఎల్లకాలం ఎవడు కొంటాడు అన్నయ్యా? రూలు రాకపోయినా..."

"సభలో మాట్లాడు. ఇక్కడొద్దు."

"ఇక్కడ వద్దు, అక్కడా వద్దు. ఇంకెక్కడ మాట్లాడను, రోలర్ల మీదా?"

"అబ్బ, ఇద్దరూ ఆపండి," అంది వదిన.

"నేను ఆపే ఉన్నాను, అదే మొదలెట్టింది!"

కారు వాలు తలమీదకొచ్చింది.

నాన్న కట్టు కట్టిన చెయ్యి పైకి లేచింది. లేపుతుంటే నొప్పి పుట్టి మొహం ముడుచుకుంది. అయినా లేపాడు.

"దిగుడు."

అంతే. ఇద్దరి నోళ్ళూ మూతబడ్డాయి. నడివయసు ఫోర్‌మనూ, కళ్ళజోడు ఇంజినీరూ, ట్రేల మధ్య కూర్చున్న పిల్లల్లా గప్‌చుప్. ఇంజిన్ ఆగలేదు. ఇది కొత్త కారు, గేరులోనే ఉంది, అన్నయ్య కాలు మాత్రం పెడల్ మీంచి తీసేశాడు. చప్పుడు సన్నగా ఉంది. మీటరమ్మ కిటికీ అద్దం దించింది. గాలి వచ్చింది. నాన్న తల మెల్లగా కిటికీకి ఆనింది, అమ్మ ఆనించుకున్నట్టే. కళ్ళు మూసుకున్నాడు.

పరుపుల కొట్టు వచ్చింది. కొట్టువాడు చిరిగిన పరుపుకి కుట్లు వేస్తూ చెయ్యూపాడు. ఎవరూ ఊపలేదు. దిగుడు అవలేదు కదా.

వాలు అడుగున రోడ్డు సమంగా అయ్యేచోట అన్నయ్య గేరు మార్చాడు. మారుస్తూ పెదాల కింద ఏదో శబ్దం చేశాడు. గుర్ర్‌ర్ అని, సన్నగా.

"ఏంటండీ అది?" వదిన అడిగింది.

అన్నయ్య చెవులు ఎర్రబడ్డాయి. "ఏం లేదు."

"నాకు తెలుసు," నాన్న కళ్ళు తెరవకుండానే నవ్వాడు. "చిన్నప్పుడు వీడి పనే అది. కింద ఇంజిన్ అందుకోగానే వెనకనుంచి తనూ అరిచేవాడు."

"అరవక? భయంతో చచ్చేవాణ్ణి." మాట జారిపోయింది అన్నయ్య నోటినుంచి. అద్దంలోంచి చెల్లెల్ని చూసి మళ్ళీ రోడ్డు మీదకి చూపు తిప్పాడు. "మీ అందరికీ దిగుడంటే సరదా. నాకు భయం. కింద నువ్వు క్లచ్ వదిలాక ఒక్క క్షణం ఏమీ వినిపించేది కాదు చూడు నాన్నా, ఇంజిన్ అందుకుంటుందా లేదా అని? అందుకోకపోతే రొట్టెలేమవుతాయి, నీ ఉద్యోగమేమవుతుంది, మనం ఇంటికెలా వెళ్తాం... ఆ తర్వాత గుర్రుమనేది. ఆ చప్పుడు కంటే గొప్పది నేను ఎక్కడా వినలేదు. ఇప్పటికీ, లైను మీద కొత్త ఇంజిన్ మొదటిసారి అందుకున్నప్పుడు..."

అక్కడ ఆపి, కారుని టౌన్‌హాలు వైపు తిప్పాడు.

మీటరమ్మ కిటికీ బయటికి చూస్తూ కూర్చుంది. ఒకే వ్యాను. ఒకే ట్రేలు. తనకి ఆ చప్పుడు ఆగిపోవడమే ఇష్టం, అన్నయ్యకీ అంతే అనుకుంటూ ఇంత వయసొచ్చింది. పక్కనే మోకాలు గుచ్చుకునేంత దగ్గర్లో కూర్చున్న మనిషి ఊపిరి బిగబట్టి ఉన్నాడని ఒక్కరోజూ తెలీలేదు. తెలిసేదెలా? దిగుడులో మాట్లాడకూడదాయె.

టౌన్‌హాలు కిటకిటలాడుతోంది. ఒకవైపు నీలం చొక్కాల ఫ్యాక్టరీ జనం, ఇంకోవైపు కాలేజీ కుర్రకారు, ట్యాక్సీవాళ్ళు. పైన ఫ్యాన్లు కిర్రుమంటున్నాయి. అన్నయ్య నీలం చొక్కాల మధ్యకి వెళ్ళి కూర్చున్నాడు. వదిన, నాన్న సరిగ్గా మధ్య దారి పక్క కుర్చీల్లో.

సభ నడిపే పెద్దావిడ మీటరమ్మని పిలిచింది. వేదిక మెట్లెక్కి, మైకు ముందు కళ్ళజోడు సర్దుకుంది. నీలం చొక్కాల్లోంచి ఎవరో అన్నారు, "ఫోర్‌మన్ గారి చెల్లెలు కదూ? ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారమ్మా!" నవ్వులు.

అన్నయ్య నవ్వలేదు. నేల చూస్తున్నాడు.

"ఇంట గెలవలేదండీ," అంది మీటరమ్మ మైకులో. "ఇంట్లో ఇవాళ పొద్దున్నే ఓడిపోయి వచ్చాను."

హాల్లో గోల కాస్త తగ్గింది.

"మా అమ్మ ఒక మాటనేది. ఎక్కడో ఎవడో కుళాయి కట్టేస్తే మన పొయ్యి ఆరిపోవడమేంటి అని. ఓడలు ఆగిన ఏడాది మీరందరూ ఆ వరసల్లో నిలబడ్డవాళ్ళే. అలాంటి ఏడాది మళ్ళీ రాకూడదు. అందుకే నాకు ఈ రూలు కావాలి. తక్కువ తాగే బళ్ళు కావాలి. ఇందులో నా మాట మారదు."

నీలం చొక్కాలు గుసగుసలాడాయి. కుర్చీలు కిర్రుమన్నాయి.

"కానీ ఆ బళ్ళు ఎక్కడ తయారవుతాయి? వాటి ఇంజిన్లూ బ్యాటరీలూ ఓడలోనే దిగితే, ఒక కుళాయి వదిలి ఇంకో కుళాయి పట్టుకున్నట్టే. ఈ ప్రశ్న నాది కాదు. ఇవాళ పొద్దున ఒకళ్ళు నన్నడిగారు. నా దగ్గర జవాబు లేదు. అందుకని అడుగుతున్నాను. రూలులో ఆ మాట కూడా రాయండి. కొత్తవి చేసే పని ముందు ఇప్పుడు ఇంజిన్లు చేస్తున్న చేతులకే ఇవ్వాలని రాయండి. ఇంజిన్ ఆపడం తెలిసినవాళ్ళం మేం ఉన్నాం. మళ్ళీ అందుకునేలా చేయడం తెలిసినవాళ్ళు అదిగో, అక్కడున్నారు."

"మా సెక్షను మూయించి మాకే పనిప్పిస్తుందట!" ఎవరో అరిచారు. "చెవిలో పువ్వులు పెట్టకమ్మా!" ఇంకొకరు లేచారు. "ముందు కూర్చోబెట్టండి ఆవిణ్ణి!" గోల పెరిగింది. పెద్దావిడ బల్ల మీద చెయ్యి కొడుతోంది, ఎవరికీ వినబడటంలేదు.

అప్పుడు నీలం చొక్కాల మధ్యలోంచి ఒక చెయ్యి పైకి లేచింది.

అన్నయ్యది.

అరవలేదు. చెయ్యి పైకెత్తి, నాన్న వ్యానులో ఎత్తినట్టే ఎత్తి, అలాగే నిలబడ్డాడు. ఫోర్‌మన్ చెయ్యెత్తితే లైను ఆగడం వాళ్ళకి అలవాటు. ఒక్కొక్కళ్ళే కూర్చున్నారు. హాలంతా ఊరుకుంది. ఫ్యాన్ల కిర్రు తప్ప ఏమీ లేదు.

మీటరమ్మ మెట్లు దిగింది. అన్నయ్య మెట్లు ఎక్కుతున్నాడు. ఇప్పుడు అతని వంతు. మెట్ల మధ్యలో ఇద్దరూ ఎదురుపడ్డారు. అతను ఆమె మొహం చూడలేదు. పక్కకి జరిగి దారిచ్చాడు.

ఆమె వెళ్ళి నాన్న పక్కన కూర్చుంది. నాన్న ఆమె అరచెయ్యి తీసుకుని, ఎడమ గుప్పిడి అందులో పెట్టి విప్పాడు. తాళంచెవి. వెచ్చగా ఉంది.

"ఉంచు," అన్నాడు మెల్లగా. వదిన చూసింది. చూసి చూపు తిప్పుకుంది.

అన్నయ్య మైకు ముందు నిలబడ్డాడు. సెక్షను అంతా కలిసి రాసిచ్చిన కాగితం జేబులోంచి తీశాడు. మడత విప్పాడు. నీలం చొక్కాల వైపు చూశాడు. చెల్లెలి వైపు చూశాడు. మళ్ళీ మడతపెట్టి, జేబులో పెట్టుకోకుండా చేతిలోనే పట్టుకున్నాడు.

నోరు తెరిచాడు.

మీటరమ్మ ఊపిరి బిగబట్టింది. నాన్న క్లచ్ వదిలాక, ఇంజిన్ అందుకునేలోపు, ఏమీ వినిపించని ఆ క్షణం ఎలా ఉంటుందో ఆమెకి మొదటిసారి తెలిసింది.